మిగులు ముక్కలు

“సంచులు విప్పి చూపించాకే గేటు దాటాలి!” సూపర్‌వైజర్ కృష్ణమూర్తి కేకేశాడు.

వరుసలో నిలబడ్డ నీలవేణి సంచిని కొంగు చాటుకు లాక్కుంది. సంచిలో టిఫిన్ డబ్బా కింద గోధుమరంగు గుడ్డ ముక్కలున్నాయి. ఎదురుగా తాళం వేసిన గేటు, వెనక ముప్పై మంది ఆడవాళ్లు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే.

అరకు దగ్గరి ఆ షెడ్డులో పాత బట్టల్ని యంత్రం దూదిలా చీల్చేస్తుంది. ఆ దూదితో సోఫాలకు గుడ్డ నేస్తారు. యంత్రంలో బట్టలు వేసే పని నీలవేణిది. పొద్దున చూడవచ్చిన వాళ్ల ముందు కృష్ణమూర్తి లైటర్ వెలిగించి మరీ, నిప్పంటుకోని గుడ్డ అని గొప్పలు పోయాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆమె పక్కనుంచి కదిలితే ఒట్టు, మహానుభావుడు.

“మీ ఆయన జాడ తెలిసిందేటే?” వెనకనుంచి దేముడమ్మ అడిగింది.

“నేదక్కా. ఐదు దినాలయిపోనాది. ఇయాల పోలీసులొచ్చి ఇల్లంతా సూత్తారంట.”

“కంపెనీవోళ్లు మన గుడ్డతో కుట్టించి మనకిచ్చిన కోటేసుకునే ఎల్లాడు కదా ఫల్గుణ? అది దొరికితే సాలు, ఆనవాలు తెలుత్తాది. తాగి కొట్టినా మొగుడు మొగుడే. ఏడవకే గుంటా.”

నీలవేణి మోచేతి మీది మచ్చను కొంగుతో కప్పుకుంది. ఆమె వంతు వచ్చింది.

కృష్ణమూర్తి ముక్కలు పైకి తీశాడు. “ఇదేమిటి? మన గుడ్డే! పైగా పొగ కంపు.”

“మా ఇంట అన్నిటికీ అదే వాసన బాబూ, కట్టెల పొయ్యి. బొంత కుట్టుకుందామని... తప్పయిపోనాది. ఒగ్గేయండి.”

“మిగులు ముక్క ఒక్కటి కూడా బయటికి పోకూడదు. తిరిగి యంత్రంలోకే పోవాలి. తెలీదా?”

విసవిసా వెళ్లి, ఇంకా తిరుగుతున్న యంత్రంలో ముక్కలన్నీ తానే పడేశాడు. పళ్ల చక్రం వాటిని పీచుపీచు చేసింది. నీలవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కృష్ణమూర్తి మనసు కరిగింది.

“సరేలే, మొగుడు కనబడక నువ్వసలే కష్టంలో ఉన్నావు. ఈసారికి వదిలేస్తున్నా. ఇంటికెళ్లు.”

గేటు తెరుచుకుంది. ఐదు రోజుల తర్వాత మొదటిసారి నీలవేణి గుండెనిండా ఊపిరి పీల్చుకుంది.

మొన్న పొయ్యిలో పెట్టి ఎంత ఊదినా ఆ కోటు అంటుకోలేదు.