టైమెంతప్పా?

"టైమెంతప్పా?"

గొంగడి కప్పుకున్న మనిషి అడిగాడు. అయ్యన్న తల వంచి, మామ పెట్టిన కొత్త చేతిగడియారం చూసి, "పన్నెండు కావస్తాండాది," అన్నాడు. ఆ మనిషి తలూపి పోయి, తుమ్మచెట్టు కింద అంతకు ముందే ఇదే మాట అడిగిపోయిన ఇద్దరి పక్కన కూర్చున్నాడు.

అయ్యన్న పత్తికొండ రోడ్డు మీద కర్నూలు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. రేపు కోర్టులో ఖూనీ కేసుకు అతనొక్కడే సాక్షి. తోడుగా చిన్నమ్మ గిడ్డమ్మ బయల్దేరింది.

"ముగ్గురూ అడిగిరి చిన్నమ్మా! మనోళ్లకు గూడా ఇంగ్లీషు మాట వచ్చేసె," అని మురిసిపోయాడు.

"ఆ మాట మన పక్కకు యాడనుంచి వచ్చెరా?"

"బస్సుతోనే. అంతకు ముందు మనకు పొద్దే గదా!"

"బస్సెక్కేటోళ్లు అడుగుతారు, సరే. వాళ్ల చేతుల్లో ఒక సంచి గూడా లేదే? నెత్తిన పొద్దు పెట్టుకోని టైమడిగే సేద్యగాణ్ణి యాడన్నా చూసినావా?"

అయ్యన్న నవ్వబోయాడు.

"నువ్వు గడియారం చూస్తాంటే వాడు నీ మెడ చూస్తాండె, నాయనా."

ఇంత ఎండలో ఆ గొంగడి ఏం దాచడానికో అతనికి అప్పుడు తట్టింది.

దూరాన బస్సు దుమ్ము కనబడింది. చెట్టు కింద ముగ్గురూ లేచి దగ్గరికొచ్చారు.

"టైమెంతప్పా?"

అలవాటు కొద్దీ అయ్యన్న తల వంగబోయింది. గిడ్డమ్మ అతని గడ్డం కింద చెయ్యి పెట్టి పైకెత్తి పట్టుకుంది.

"పొద్దు నెత్తిమీదే ఉండాది. తలెత్తి చూసుకోండప్పా," అంది.

ముగ్గురిలో ఒక్కడూ తలెత్తలేదు.