సాయానికి ఉరికిన కణాలు

"నాయనా, కొబ్బరికాయలు తర్వాత సర్దొచ్చు గానీ, ఇట్ల కూర్చో. రేపు పరీక్ష," అంది తనూజ.

దోర్నాల కూడలిలో శ్రీశైలం బస్సు అప్పుడే కదిలింది. ఇంకొకటి వచ్చేదాకా పూజసామాన్ల దుకాణానికి బేరం ఉండదు. రంగనాయకులు స్టూలు లాక్కున్నాడు. భార్య పోయినప్పటి నుంచీ ఇదే అలవాటు. కూతురు పాఠం చెబుతుంది, తను విని తిరిగి అప్పజెబుతాడు. తనకు అర్థమైతే ఆ పిల్లకు వచ్చినట్టే.

"ఈసారి ఏంది?"

"హెచ్.ఐ.వి. మన రక్షణ కణాల్ని ఎట్ల చంపుతాదో."

రంగనాయకులు చూపు కర్పూరం డబ్బాల మీదికి పోయింది. ఇన్ని పాఠాలుండగా ఇదే రావాలా? మార్కాపురం ఆసుపత్రి నుంచి తెచ్చుకునే బిళ్ళల్ని ఇన్నేళ్ళూ వాటి వెనక దాచింది ఈ పిల్ల కంట పడకూడదనే. దసరా ముందు అక్కడ ఆ బిళ్ళల వరసలో నిలబడి ఉండగా పక్క దుకాణం వెంకటేష్ చూశాడు. మాట కూతురి దాకా పోతుందేమోనని ఆయన మళ్ళీ అటు వెళ్ళలేదు. బిళ్ళలూ అయిపోయాయి.

"కణంలో దూరి, పిల్లలు పెట్టి చంపుతాది. అంతేగా?"

"అట్ల చచ్చేవి కొన్నే," తనూజ రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "చానా కణాల్లో వైరస్ దూరినా పెరగదు. సగంలోనే ఆగిపోతాది. కానీ కణం దాన్ని కనిపెట్టి, తనంతట తనే పగిలి చస్తాది. అక్కడ వాపొస్తాది. ఆ వాపు చూసి సాయానికి ఇంకొన్ని కణాలు ఉరుకుతాయి. అవీ అట్లే పగులుతాయి."

"పూడిక తీసే బావిలో విషగాలికి ఒకడు పడిపోతే, వాణ్ణి లేపబోయి ఇంకొకడు, వానికోసం మరొకడు దిగినట్టు."

"మా సారు కంటే బాగ చెప్పినావే!"

ఆయన నవ్వబోయాడు. నుదుట చెమట పట్టింది. తనూజ ముఖం తిప్పకుండానే నీళ్ళ చెంబు ఆయన వైపు జరిపింది. తనను చూడనందుకు ఆయన మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"దానికి బిళ్ళలుంటాయంట కదా. వాడేటోడు మధ్యలో మానేస్తే?"

"వాడినన్నాళ్ళు అణిగి ఉంటాది. మానేస్తే లేస్తాది."

"చానా నాళ్ళు మానేసినా... మళ్ళీ మొదలుపెట్టొచ్చా?"

"డాక్టరమ్మకు నిజం చెప్పి మొదలుపెట్టొచ్చు. ఆమె పరీక్ష చేసి ఏ మందో చూసిస్తాది. ఆలస్యం చేస్తేనే కష్టం."

రంగనాయకులు లేచాడు. కాయలు ఈ బుట్టలోంచి ఆ బుట్టలోకి మార్చాడు. మళ్ళీ వెనక్కి మార్చాడు. గల్లాపెట్టె తీసి, ఎందుకు తీశాడో తెలియక మూశాడు.

"పొద్దున్నే మార్కాపురం పోయొస్తానమ్మా. సరుకు తేవాల."

"నేనూ వస్తా."

"పరీక్ష పెట్టుకొని ఎట్ల వస్తావు తల్లీ?"

తనూజ ఇప్పుడు ఆయన కళ్ళలోకి చూసింది.

"రేపు నాకే పరీక్షా లేదు నాయనా."