తీతువు అడిగిన రెండు గీతలు

ఒక చెరువులోని జీవాలన్నీ కలిసి కట్టుబాటు రాసుకున్నాయి. గట్టు మీద తడి బంకమన్ను పరిచి, కాపలా ఎవరిదో, పెద్దరికం ఎవరిదో గోళ్ళతో గీశాయి. ఒప్పుకున్నట్టు గుర్తుగా కింద అడుగుముద్ర వేయాలి.

అన్నీ వేశాయి. నేల మీదే గుడ్లు పెట్టుకునే తీతువు మాత్రం కాలు కదపలేదు.

"ఏమ్మా, కాళ్ళకి పారాణి పెట్టుకున్నావా?" అని బాతు నవ్వింది.

తీతువు మెల్లిగా అంది. "ఇందులో చెరువు సంగతి అంతా ఉంది, నా సంగతి లేదు. దారికి అడ్డమని రేపు నా గుడ్లు తొక్కితే? వద్దని అరిస్తే నా నోరు నొక్కితే?"

పెద్ద కొంగ చిన్నబుచ్చుకుంది. "నేనుండగా అలా జరగనిస్తానా?"

"మీరు మంచివారే బాబాయ్. మీ తర్వాత వచ్చే కొంగ ఎలాంటిదో నాకేం తెలుసు?"

 తాబేలు ముందుకొచ్చి అంది. "మన్ను ఆరిపోతోంది, ముద్ర వెయ్యి తల్లీ. చెరువు అడుగు నుంచి కొత్త మన్ను తెచ్చి, నీ మాటని వీటి కింద చేరుస్తాం. పూచీ నాది."

తీతువు నమ్మి ముద్ర వేసింది. మూడో రోజుకల్లా తాబేలు వీపు మీద మన్ను మోసుకొచ్చింది. గుడ్లున్న చోటు తొక్కరాదు, అరిచే నోరు నొక్కరాదు అని రెండు గీతలు గీశాయి. వాటి కింద మొదటి ముద్ర కొంగే వేసింది.

ఇప్పటికీ ఆ గట్టున తీతువు పిల్లలు నడక నేర్వగానే తల్లి వాటిని అక్కడికి తీసుకెళ్తుంది. "పైవన్నీ పెద్దలు రాసినవి. ఈ రెండూ మీ ముత్తవ్వ అడిగితే వచ్చినవి" అని చెప్పి, చెరువంతా వినేలా అరుస్తుంది.