ఒక్కరు పట్టే పడవ

కాకినాడలో అప్పటికి జాతకాలు మానేసి, కొనుక్కోవాలనుకునే వస్తువుల జాబితాలు చూసి సంబంధాలు కలుపుతున్నారు. శర్వాణి జాబితాకీ, ఆమెను చూడవచ్చిన నిశాంత్ జాబితాకీ నూటికి తొంభై కలిశాయి. అయినా సంబంధం తెచ్చిన సూరమ్మ పెదవి విరిచింది.

"అబ్బాయి ఒక్కరే పట్టే పడవ కోరుకున్నాడండి. ఇలాంటోళ్లకి కాపురం నప్పదు."

పెద్దలు కాఫీ గ్లాసులు కింద పెట్టేశారు. శర్వాణికి మాత్రం తెలుసుకోవాలనిపించింది.

"అందులో ఎక్కడికెళ్తారండి?" అని అడిగింది.

"మడ అడవిలోకండి. ఇద్దరెక్కితే మాటలొచ్చేస్తాయి, పిట్టలు ఎగిరిపోతాయి," అన్నాడు నిశాంత్ తల దించుకుని.

"ఏ పిట్టలు?"

అతను చెప్పడం మొదలుపెట్టాడు. తనవాళ్లు లేచి చెప్పులు వేసుకుంటున్నా ఆపలేదు. అంతా విన్నాక శర్వాణి ఫోన్ తీసి, తన జాబితాలోనూ ఒక్కరు పట్టే పడవ చేర్చింది.

"పక్కపక్కనే వెళ్దామండి. నేను మాట్లాడనులెండి," అంది.