క్యాంటీన్‌లో పెళ్ళిచూపులు

శ్రీలేఖ టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళిన చోట ఎవరో పెద్దాయన దర్జాగా కూర్చుని ఉన్నాడు.

సింగపూర్‌లో టేబులు మీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే ఆ చోటు ఒకరిదని అర్థం. ఎంతటివాళ్ళయినా దాన్ని దాటరు. అందులోనూ అది చోటు దొరకని ఆస్పత్రి క్యాంటీన్.

"అంకుల్, ఈ చోటు నేను చోప్ చేశాను," అంది పళ్ళెం పట్టుకుని, వచ్చీరాని సింగపూర్ ఇంగ్లీషులో.

"తెలుసు లా. ఇక్కడ పుట్టినవాణ్ణే," అన్నాడాయన, ఇక్కడివాళ్ళ 'లా' తగిలించిన తెలుగులో. "ప్యాకెట్ నీదే కదా? నాకు పని కూడా నీతోనే. కూర్చో, మకాన్ చెయ్యి, అన్నం చల్లారిపోతుంది."

పేరు రామదాసు అని చెప్పాడు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబమట.

"ఏ ఊరమ్మా?"

"టెక్కలి దగ్గర."

"నాన్న?"

"బడిపంతులు."

"వయసు?"

శ్రీలేఖకి ముద్ద గొంతులో అడ్డం పడింది.

జావా నేర్చిన కుర్రాళ్ళు ప్రతి విమానంలోనూ గుంపులుగా దిగుతున్న రోజులవి. ప్రతి కుర్రాడి వెనకా పిల్లను వెతికిపెట్టే అంకుల్ ఒకడుండేవాడు.

"ఇక్కడేం పని?"

"పైన ల్యాబ్‌లో అంకుల్. పెద్దపేగు క్యాన్సర్ మీద."

"అంటే?"

విసుగొచ్చి తనే లేచిపోతాడని మొత్తం చెప్పింది.

"క్యాన్సర్ కణంలో ఒక జన్యువు 'పెరుగు, పెరుగు' అని ఆగకుండా అరుస్తుంటుంది. మేం చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కని లోపలికి పంపి దాని నోరు మూయిస్తాం."

"నోరు మూయించే మందా! మా ఆవిడకి ఒక డోసు ఇప్పిస్తావా?"

నవ్వకూడదనుకుంటూనే నవ్వింది.

"ఇంకా మనుషుల దాకా రాలేదంకుల్. ల్యాబ్‌లో ఎప్పటినుంచో ఉన్న కణాల్లో పనిచేసింది. అప్పుడే కోసి తీసిన గడ్డలో కూడా చూపించమంటారు మా ప్రొఫెసర్. అది ఇచ్చే పేషెంటే దొరకడం లేదు."

"కోసి పారేసేదేగా?"

"కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు, ఎవరి గడ్డ వాళ్ళకి ముద్దు."

ఆయన పక్క టేబులు వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. "దొరక్కపోతే?"

"డిసెంబరుతో స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. పెట్టె సర్దుకోవడమే."

టాంపినీస్‌లో ఆమెతో ఒకే ఫ్లాట్‌లో ఉండే సరయు ఆ సాయంత్రం సంగతంతా విని, "ఖాయం, పెళ్ళి సంబంధమే," అని తేల్చింది. "నువ్వు గయ్యాళివని చెప్పు. మళ్ళీ కనబడడు."

మర్నాడు రామదాసు ముందే వచ్చి ఇక్కడివాళ్ళు కోపీ అనే చిక్కటి కాఫీ తాగుతున్నాడు.

"కోపం వస్తుందా నీకు?"

"విపరీతంగా."

"చేతిలో ఉన్నవి విసిరేస్తావా?"

"ఒక్కోసారి."

"పొద్దున్నే లేస్తావు కదా?"

"పదింటికి."

"పట్టిన పని పూర్తి చేస్తావా?"

"చిన్నప్పటినుంచీ లేదంకుల్. మధ్యలోనే వదిలేస్తాను."

ఆయన మొహం వాడిపోయింది. కోపీ గ్లాసు పక్కకి జరిపేశాడు.

సంబంధం తప్పిందని శ్రీలేఖ లోపల్లోపల పండగ చేసుకుంటూ ఉండగా కోటు జేబులో టైమర్ మోగింది. అన్నం సగంలో వదిలి లేచింది.

"తింటూ తింటూ ఎక్కడికమ్మా?"

"కణాలకి తిండి మార్చాలంకుల్."

"కాసేపు ఆగవా అవి?"

"నా ఆకలి ఆగుతుంది. అవి ఆగవు."

"మరి ఆదివారం?"

"ఆదివారమని వాటికేం తెలుసు? వస్తాను."

తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి వినబడింది. "అబద్ధాలు బాగా ఆడతావు లా!"

తిరిగి చూసింది. ఆయన మొహం కళకళలాడిపోతోంది.

కొంప మునిగింది, సంబంధం మళ్ళీ అతుక్కుంది అనుకుంది శ్రీలేఖ.

ఆ రోజు నుంచి భోజనం వేళ మార్చేసింది. ఒకసారి ఆయన దూరం నుంచి చెయ్యి ఊపితే ఫోన్ చెవికి ఆనించుకుని, రాని కాల్ మాట్లాడుకుంటూ దాటిపోయింది.

తర్వాత ఆయన కనబడలేదు. హమ్మయ్య అనుకుంది.

ఆ రోజుల్లోనే ల్యాబ్‌కి ఐసు పెట్టెలో ఒక గడ్డ ముక్క వచ్చింది. పేరు లేదు, నంబరే. ఎవరో పేషెంటు ఒప్పుకున్నాడట.

శ్రీలేఖ దాన్ని బాలింత పసిబిడ్డను సాకినట్టు సాకింది. కణాలు పెరిగాయి. ఆర్‌ఎన్‌ఏ లోపలికి వెళ్ళింది. అరిచే జన్యువు నోరు మూసుకుంది. ప్రొఫెసర్ తన చేత్తో కేకు కోసి పంచాడు. స్కాలర్‌షిప్ ఇంకో ఏడాది పొడిగించారు.

ఎందుకో ఈ కబురు రామదాసుకి చెప్పాలనిపించింది. ఆ నవ్వు మళ్ళీ వినాలనిపించింది. పాత వేళకే క్యాంటీన్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆయన రాలేదు.

ఒక మధ్యాహ్నం నేతచీర కట్టుకున్న పెద్దావిడ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"శ్రీలేఖ నువ్వేనా? నర్సు చూపించింది. నేను కుమారమ్మని. రామదాసుగారి భార్యని."

ఎప్పటినుంచో సిద్ధం చేసి పెట్టుకున్న మాట శ్రీలేఖ నోట్లోంచి గబగబా వచ్చేసింది.

"ఏమీ అనుకోకండి ఆంటీ, నాకిప్పుడే పెళ్ళి వద్దు. మీ అబ్బాయికి ఇంకో పిల్లని చూసుకోండి."

"ఏ అబ్బాయి?" కుమారమ్మ తెల్లబోయింది. "మాకు పిల్లలే లేరమ్మా."

"మరి అంకుల్..."

"పేగు ఆపరేషన్ అయ్యాక కోలుకోలేదు. కిందటి నెల పోయారు."

శ్రీలేఖ పళ్ళెం పక్కకి జరిపేసింది.

"మరి నన్ను అన్ని ప్రశ్నలు ఎందుకడిగారాంటీ?"

కుమారమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూనే చిన్నగా నవ్వింది.

"కోసి తీసిన గడ్డ మీ ల్యాబ్‌కి ఇస్తారా అని డాక్టరు అడిగితే, దాన్ని పెంచే పిల్ల ఎలాంటిదో చూసొచ్చి చెప్తానన్నారమ్మా."