పన్నెండో వారం బేరం

అప్పటికి పాత్రల వ్యాపారి చేతిలో ఉన్నవి ఒక దుకాణం, మూడో నెల నడుస్తున్న భార్య, అడగ్గానే సరే అనకూడదన్న అలవాటు.

గొడుగు మడుస్తూ ఒకావిడ దుకాణం మెట్లెక్కింది.

"అన్నయ్యా, వదినను ఆసుపత్రికి పంపండి. రక్తపరీక్ష చేస్తారు. పైసా కట్టక్కర్లేదు."

"ఊరికే ఎవరు చేస్తారమ్మా? నీకెంత ముడుతుంది?"

ఆమె ఆ మాట పట్టించుకోలేదు.

"నెలలు నిండేలోపు బీపీ ఎగిరే ప్రమాదం ఉందేమో ఆ రక్తంలో ఇప్పుడే తెలుస్తుంది. పన్నెండో వారమట కదా, ఇంకో వారం దాటితే చూసినా లాభం లేదు."

"మా ఆవిడ గుండ్రాయిలా ఉంది. వెళ్లిరామ్మా."

మర్నాడు మళ్లీ వచ్చింది.

వ్యాపారి గిన్నెలు తుడుస్తూ తలెత్తలేదు. అమ్మడానికి వచ్చినవాళ్లను నాలుగుసార్లు తిప్పితే అసలు ధర బయటపడుతుందని అతని లెక్క.

మూడోసారి గొడుగావిడ అతన్ని దాటుకుని దుకాణం వెనకున్న ఇంట్లోకి నడిచింది.

"ఏమ్మోయ్, ఎక్కడికి?"

"మీతో అయ్యే పని కాదు. వదినతోనే తేల్చుకుంటాను."

కాసేపటికి భార్య చెప్పులేసుకుని బయటికొచ్చింది.

"వద్దన్నానా లేదా?"

"రక్తం నాదండీ. బేరం మీరాడతారేంటి?"

పరీక్షలో ప్రమాదం ఉందనే తేలింది. డాక్టరమ్మ రాత్రిపూట వేసుకోమని చిన్న మాత్ర రాసింది. బీపీ తరచుగా చూపించుకోమంది.

ఎనిమిదో నెల చివర్లో బీపీ ఎగిరింది. ఆసుపత్రిలో అందరూ దానికోసమే కాచుకుని ఉన్నారు. వెంటనే చేర్చుకున్నారు. తల్లీ బిడ్డా దక్కారు.

ఇంటికి వెళ్లే రోజు వ్యాపారి దుకాణంలోకెల్లా మంచి గిన్నెల సెట్టు మోసుకొచ్చాడు.

"మీ గొడుగావిడకిద్దామని తెచ్చాను డాక్టరమ్మా. అబ్బో, ఏం పట్టుదల! జీతం పెంచండి. లేకపోతే నేనే దుకాణంలో పెట్టుకుంటాను."

"జీతమా? ఆమె మా మనిషి కాదండీ. పోయిన నెలే ఊరు మారిపోయింది. అక్కడా ఇలాగే గడప గడపా ఎక్కుతోందట."

వ్యాపారి చేతిలో సెట్టు బరువెక్కింది.

"మరి ఇందులో ఆవిడకేంటి లాభం?"

డాక్టరమ్మ పాప దుప్పటి సర్దింది.

"ఈ పరీక్ష పనికొస్తుందో లేదో మేమింకా తేల్చుకుంటున్న రోజుల్లో కొందరు గర్భిణుల రక్తం తీసి దాచాం. కాన్పులన్నీ అయ్యాకే పరీక్షించి చూశాం. అందులో ఆమెదీ ఉంది. ఆమె బిడ్డ పోయాక మాకు తెలిసిన సంగతే, మీ పాప విషయంలో ముందుగా తెలిసింది."