మధ్య పట్టీ

"నలభై పౌండ్ల విల్లంటే నలభయ్యే ఎలీషా! ముప్పై తొమ్మిది వచ్చినా తీసుకునేది లేదు."

రామకోటేశ్వరరావు గొంతుకి భవానీపురంలోని ఆ చిన్న రేకుల షెడ్డు అదిరిపోయింది. పక్కనే ఆయన కూతురు కీర్తన కుడి భుజం పట్టుకుని నిలబడింది. మూడు నెలల క్రితం విల్లు లాగుతుండగా జారిన భుజం అది.

పదిహేనేళ్లుగా విళ్లు చేయడమే ఎలీషా బతుకు. "డాక్టరుగారు ముప్పై రెండు దాటొద్దన్నారటగా అండీ," అన్నాడు నెమ్మదిగా. "ఈసారి జారితే ఆపరేషనే. ఇక విల్లు ముట్టుకోనివ్వరు."

"లాగేది డాక్టరా, మా అమ్మాయా? చెయ్యనంటే చెప్పు. పాత నలభై ఇంట్లోనే ఉంది, దాన్నే లాగుతుంది."

"లాగుతానంకుల్," అంది కీర్తన, బల్లమీది వెదురు పట్టీల మీంచి చూపు తిప్పకుండా.

ఎలీషా జిగురు కలిపాడు.

కలిపాక నలభై నిమిషాలే టైము. ఈలోగా అచ్చు మీద కింద ఫైబర్‌గ్లాసు, దానిమీద మూడు వెదురు పట్టీలు, పైన మళ్లీ ఫైబర్‌గ్లాసు పేర్చి క్లాంపులు బిగించెయ్యాలి. విల్లు లాగడానికి ఎన్ని పౌండ్ల బలం పట్టాలన్నది ఆ పట్టీల మందంలోనే ఉంది. మధ్య పట్టీ అర మిల్లీమీటరు తగ్గితే చాలు, నలభై కాస్తా ముప్పై రెండవుతుంది. కంటికి తేడా తెలిసి చావదు.

అలాంటి సన్న పట్టీ ఒకటి బల్ల కింద, పాత లుంగీ గుడ్డలో ఉంది. పొద్దున్నే అరగదీసి దాచాడు. ఆ పిల్ల భుజం నిలబడాలంటే అదొక్కటే దారి.

"కొలిచి చూపించు. తర్వాత మాటలొద్దు," అన్నాడు రామకోటేశ్వరరావు.

ఎలీషా మందం పట్టీనే కొలిచి చూపించాడు. తండ్రి బల్లకి ఈ పక్క, కూతురు ఆ పక్క. నాలుగు కళ్లూ పట్టీల మీదే.

ఫైబర్‌గ్లాసు పరిచాడు. మొదటి పట్టీ పడింది. బెజవాడ ఎండకి జిగురు ఆగుతుందా? అప్పుడే వేళ్లకి సాగుతోంది. ఇక మధ్యది పెట్టాలి. దొరికిపోతే అంతా అయిపోయినట్టే. చెమట కళ్లలోకి కారింది. చేసేదేం లేక మందం పట్టీయే చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ స్కూటీ రోడ్డుకడ్డంగా పెట్టావేంటే!" రామకోటేశ్వరరావు ఒక్క అరుపు అరిచాడు. "ఆటోవాడు హారన్ కొట్టి చస్తున్నాడు, వెళ్లి తియ్యి!"

కీర్తన బయటికి పరిగెత్తింది. ఆయనా గుమ్మంవైపు తిరిగి ఆటోవాణ్ణి తిడుతున్నాడు. ఎలీషాకి హారనేం వినిపించలేదు. వినే తీరిక ఎక్కడిది? వంగాడు. గుడ్డ లాగాడు. మందం పట్టీ బల్ల కిందికి, సన్నది అచ్చు మీదికి.

కీర్తన తిరిగొచ్చేసరికి మూడో పట్టీ కూడా పేర్చేశాడు.

"ఆటో ఏదీ లేదు నాన్నా."

"పోయుంటాడులే."

ఆమె వంగి పట్టీలు వేలితో లెక్కపెట్టింది. మధ్యదాని దగ్గర వేలు ఆగింది.

"మూడూ ఉన్నాయి," అంది.

పైన ఫైబర్‌గ్లాసు వేసి, క్లాంపులన్నీ గబగబా బిగించేశాడు. అమ్మయ్య! ప్రాణం లేచొచ్చింది.

"శనివారం వస్తాం. తేడా వచ్చిందో, ఊరుకోను," అంటూ రామకోటేశ్వరరావు కూతుర్ని తీసుకుని వెళ్లిపోయాడు.

రెండు నిమిషాలకి ఆయనొక్కడే తిరిగొచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఎలీషా చేతులు రెండూ పట్టుకుని గుసగుసగా అడిగాడు: "పొద్దున నేను బతిమాలిన సన్న పట్టీయే పెట్టావుగా బాబూ... నలభయ్యే కావాలని మొండికేసిన మా పిల్లకి అనుమానం రాలేదుగా?"